ఓడ తప్పితే మళ్లీ ఏడాదే

టైమ్ అయిపోయింది, ఆ ఎమ్మెల్యే గారి మాట ఇంకా సగంలోనే ఉంది. కెనడా ఉత్తరాన నునావుట్ శాసనసభలో ఒక్కో మెంబరు ప్రకటనకి ఇచ్చేది రెండున్నర నిమిషాలే. ఇంకాస్త మాట్లాడాలంటే సభంతా సరే అనాలి, ఒక్కరు కాదన్నా కూర్చోవాల్సిందే. పార్టీలు లేని సభ కదా, సాధారణంగా సరే అనేస్తారు.

ఆ కాస్త టైమ్‌లోనే హైస్కూల్ పాసైన పిల్లలకు అభినందనలు, పోయిన పెద్దాయనకు సంతాపం, ఆ వెంటనే నీళ్ల ట్యాంకర్ గొడవ. మన జీరో అవర్‌లో ఇంత చనువు కనిపించదు!

అక్కడ చాలా ఊళ్లలో ఇంటికి నీళ్లు తెచ్చేది ట్యాంకరే, మురుగు తోడుకుపోయేదీ ఇంకో ట్యాంకరే. మంచు తుఫాను పట్టుకుంటే రెండూ రావు. మురుగు ట్యాంకు నిండిందంటే, ఇంట్లో నీళ్లున్నా కుళాయి తిప్పడానికి లేదు.

25 ఊళ్లున్నాయి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. బరువైన సామానంతా వేసవిలో ఓడల మీదే రావాలి. మంజూరు, టెండరు, ఆర్డరు అన్నీ ఆలోపే తెమలాలి. ఫైలు నెల రోజులు నలిగితే ఓడ వెళ్లిపోతుంది, డబ్బుండీ పని మరుసటి వేసవికే. ఆగలేమని పైపులు విమానంలో తెప్పిస్తే, ఆ బిల్లు చూసి ఆర్థిక మంత్రి గుండె పట్టుకోవాల్సిందే.