ముక్కనుమ మర్నాడు మొరాయించిన కంప్యూటరు

జనవరి 17, రాత్రి పది గంటలు, తెనాలి.

భోగి నాటి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు మూసి ఉంచిన మా శుభలేఖల అచ్చు కొట్టును ఈ ఉదయం తొమ్మిదిన్నరకు తెరిచాము. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు కనుక నెల రోజులుగా మాకు పని పలచబడింది. సంక్రాంతి వెళ్ళగానే మాఘమాసపు పెళ్ళిళ్ళవారు శుభలేఖల కోసం వరుస కడతారని తెలుసు కాబట్టి, కొత్త నమూనాల పుస్తకాన్ని ముందుగానే బల్ల మీద పెట్టించి బాబాయి సిద్ధంగా కూర్చున్నారు. మొదటి బేరం కూడా తలుపు తీయగానే వచ్చింది. కొల్లిపర నుంచి ఒక పెళ్ళికూతురి తండ్రి, చేతిలో పురోహితుడు రాసిచ్చిన లగ్నపత్రిక జిరాక్సుతో వచ్చి, నాలుగు వందల కార్డులు కావాలనీ, ప్రూఫు చూసుకునే వెళ్తాననీ చెప్పారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో నుంచి మా కుర్రాడు, "అన్నా, ఇది ఎక్కట్లేదు," అని కేక వేశాడు.

వెళ్ళి చూస్తే తెర మీద విండోస్ గుర్తు కనిపిస్తోంది, దాని కింద చిన్న పట్టీలో మూడు నీలి ముక్కలు రెండుసార్లు పాకుతున్నాయి, ఒక్క క్షణం తెరంతా నీలంగా మెరిసి ఆరిపోతోంది, మళ్ళీ మొదటికి వస్తోంది. ఆపితే తప్ప ఆగని తిరగలిలా ఉంది ఆ వ్యవహారం.

ఈ యంత్రాన్ని 2012లో అమర్చాము. ఇందులో ఉన్నది ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీయే. దానికి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయని తెలిసీ మేము దీన్ని వదలకపోవడానికి కారణం ఉంది. మా శుభలేఖలన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లలో కూర్చినవి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే సొంత సంఖ్య ఉన్నవి, కావు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' కాస్తా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ విరామచిహ్నాలూ కలిసిన చెత్తగా కనబడుతుంది. బాబాయి వేళ్ళకు 'యాపిల్' అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ తప్ప మరొకటి రాదు. అందుకని దీనికి ఇంటర్నెట్ తగలనీయకుండా, బయటి పెన్‌డ్రైవ్ ముట్టనీయకుండా, మడి కట్టించి వాడుకుంటున్నాము.

బాబాయి వెంటనే మాకు తెలిసిన ఒక మెకానిక్కుకు ఫోను చేశారు. ఆయన లక్షణాలు సగం వినీ వినకుండానే హార్డ్‌డిస్కు పోయి ఉంటుందనీ, ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కించాలనీ, రేపు సాయంత్రం వస్తాననీ చెప్పారట. ఫార్మాట్ అన్న మాట వినగానే బాబాయి ముఖం పాలిపోయింది. ఆ డిస్కులో పదిహేనేళ్ళ కార్డులున్నాయి. అక్క పెళ్ళికి వేసిన నమూనానే చెల్లెలి పెళ్ళికీ అడిగేవారు మా ఊళ్ళో తక్కువేమీ కాదు.

"నేను చూస్తాను, బాబాయ్. మధ్యాహ్నం దాకా టైమివ్వు," అన్నాను.

తీగ పీకి, సీపీయూ మూత విప్పి, బ్రష్షుతో బూజు దులిపి, బ్లోయరు పెట్టాను. తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్ ముక్కలు రెండూ తీసి, వాటి బంగారు రంగు అంచులను రబ్బరుతో రుద్ది, మళ్ళీ టక్కుమనే దాకా నొక్కాను. అరగంట పోయింది, ఫలితం లేదు. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. తెర మీద విండోస్ గుర్తు వచ్చిందంటే కరెంటు అందించే ఎస్.ఎం.పీ.ఎస్., ర్యామ్, ప్రాసెసరు మూడూ చాలావరకు తమ పాఠం అప్పజెప్పినట్టే. ర్యామ్ పూర్తిగా తేడా అయితే మామూలుగా తెర నల్లగా ఉండి బీప్ శబ్దాలు వినపడతాయి. ఆ సంగతి తెలిసి కూడా, కంప్యూటరు అనగానే చేతులు వాటంతట అవే రబ్బరు వెతుక్కుంటాయి. చిన్నప్పుడు జ్వరం ఏదైనా ముందు నుదుటికి తడిగుడ్డ వేసినట్టు.

ఆ తరువాత బుద్ధి తెచ్చుకుని ఎఫ్8 మీటను నొక్కుతూ పోయి, తప్పు వచ్చినప్పుడు దానంతటది తిరిగి మొదలుకాకుండా ఆపే వీలును ఎంచుకున్నాను. అప్పుడు ఆ నీలి తెర నిలబడింది. ఫోనుతో ఫోటో తీసి చదివితే దాని సంఖ్య చివర 7బి అని ఉంది. విండోస్ లేవవలసిన డిస్కు నాకు అందడం లేదని దాని భావం. కనీస హంగులతో లేచే సేఫ్ మోడ్‌లోనూ అదే సంఖ్య.

ఈ తప్పు విచిత్రమైనది. విండోస్ మొదటి మెట్టులో తన ఫైళ్ళను, మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాము బయాస్ సాయంతోనే డిస్కు నుంచి చదువుకుంటుంది. ఒకసారి లేచి కూర్చున్నాక బయాస్ చేయి వదిలి, తన సొంత డ్రైవరుతో, అంటే డిస్కును నడిపే ప్రోగ్రాముతో, డిస్కును పట్టుకోవాలి. కాలువ మధ్యలో పడవవాడు తెడ్డు అందించబోతే అందుకునే చేయి లేనట్టు, సరిగ్గా ఆ చేతులు మారే చోట ఇది ఆగిపోతోంది. డిస్కు నిజంగా చచ్చిపోయి ఉంటే ఆ గుర్తు దాకా కూడా రాదు. కాబట్టి మెకానిక్కుగారి మాట సగమైనా తప్పని అప్పటికి తేలింది. అయినా కేబులు లూజు కావచ్చు, డిస్కు మీద కొంత భాగం చెడి ఉండవచ్చు, వైరస్ కావచ్చు. ఈ మూడింటి మధ్య ఇంకో గంట తిరిగాను. కేబులు మార్చాను, సాకెట్టు మార్చాను, ఏమీ మారలేదు.

పదకొండున్నరకు మడి విడిచి, ఇంటి నుంచి తెచ్చిన లినక్స్ పెన్‌డ్రైవ్‌తో దాన్ని లేపాను. విండోస్‌కు బదులుగా, కంప్యూటరులో ఏమీ ఎక్కించకుండా, పెన్‌డ్రైవ్ మీదే నడిచే లినక్స్ అది. పాత డిస్కు అందులో చక్కగా తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ, ఊరిపేర్ల వారీగా బాబాయి సర్దుకున్నవి సర్దుకున్నట్టే ఉన్నాయి. మరే పనీ చేయకముందు వాటన్నిటినీ బయటి డిస్కులోకి కాపీ పెట్టి బాబాయిని పిలిచి చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కాపీ అవుతున్న ఫైళ్ళ పేర్లను సినిమా పేర్లు చదివినంత శ్రద్ధగా చదవసాగారు.

అప్పుడు ఆయనే అన్నారు: "ఇదేందిరా, ఈ తారీఖు ఇట్టా ఉంది?"

తెర మూలలో గడియారం 2012 జనవరి 1 అని చూపిస్తోంది. పండుగకు ముందు మేము సరిచేసిన ఫైళ్ళేమో ఈ నెల 12వ తేదీతో ఉన్నాయి. అంటే ఆ కంప్యూటరు లెక్కలో అవన్నీ ఇంకా పుట్టని ఫైళ్ళు. రెండు గంటలుగా నేను డిస్కు చుట్టూ తిరుగుతుంటే, అసలు సంగతి గడియారంలో ఉంది.

కుర్రాణ్ణి పిలిచి, పొద్దున మొట్టమొదట స్విచ్ వేసినప్పుడు తెర మీద ఏం వచ్చిందని అడిగాను.

"ఏదో ఇంగ్లీషులో వచ్చిందన్నా. ఎఫ్1 నొక్కమంది, నొక్కాను," అన్నాడు.

నన్ను నేను తిట్టుకున్నాను. ఈ ప్రశ్న తొమ్మిదిన్నరకే అడగవలసింది. ఆ ఇంగ్లీషు బయాస్ మాట: నా జ్ఞాపకం చెదిరిపోయింది, ఫ్యాక్టరీ లెక్కలతో మొదలుపెడుతున్నాను, సమ్మతమేనా అని. వాడు సమ్మతమన్నాడు. ఆ ఫ్యాక్టరీ లెక్కల్లో ఒకటి మాకు ప్రాణాంతకం. మా బోర్డు దానంతటది అయితే డిస్కును ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో నడుపుతుంది. ఎక్స్‌పీకి ఆ పద్ధతి డ్రైవరు పుట్టుకతో లేదు కనుక, 2012లో ఎక్కించిన రోజే దాన్ని ఐడీఈ అనే పాత పద్ధతికి మార్చి ఎక్కించాము. ఆ మార్పు పదిలంగా ఉన్నదల్లా బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ దయవల్ల. అది నీరసించగానే తేదీతో పాటు ఆ మార్పూ పోయింది. డిస్కుకేమో ఏ రోగమూ లేదు.

బిళ్ళను గోటితో తీసి మల్టీమీటరు పెడితే, మూడు వోల్టులు ఉండవలసినది రెండు దగ్గర ఊగులాడింది. పొద్దున నేను అరగంట తీగ పీకినప్పుడు ఆ ఇంగ్లీషు హెచ్చరిక మళ్ళీ రాకపోవడానికి కారణం కూడా ఇదే అయి ఉండాలి: పూర్తిగా చావలేదు, అరగంట మోయగలదు, నాలుగు రోజులు మోయలేకపోయింది.

సీఆర్ 2032 బిళ్ళ కోసం కంప్యూటర్ల కొట్టు దాకా పోనక్కరలేదు. మా వీధి చివరి వాచీల కొట్టులో అడిగితే, "కార్ల తాళాల్లో వేసేదే కదండీ," అంటూ తీశారాయన. ఆ అంకె వెనుక రహస్యమేమీ లేదు: 20 అంటే అడ్డం ఇరవై మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. ఇచ్చేముందు ఆయనే మీటరు మీద పెట్టి 3.2 వోల్టులు చూపించి మరీ ఇచ్చారు. నలభై రూపాయలు. ముందుచూపుగా రెండు తీసుకున్నాను.

బిళ్ళ వేసి, డిలీట్ మీట నొక్కి బయాస్‌లోకి వెళ్ళి, తేదీ దిద్ది, డిస్కు పద్ధతిని ఎంచుకునే సాటా మోడ్ దగ్గర ఐడీఈ పెట్టి, ఎఫ్10తో భద్రపరిచాను. నీలి ముక్కలు రెండుసార్లు పాకాయి, మూడోసారి పాకాయి, నాలుగోసారీ పాకాయి. ఆ తరువాత ఎక్స్‌పీ తెర మీది పచ్చని గుట్ట, నీలాకాశం. అప్పటికి ఒంటిగంటన్నర అయింది. కొల్లిపర పెద్దాయన హోటల్లో భోజనం చేసి వచ్చి, బాబాయి పక్కన కూర్చుని ఏమీ అర్థంకాకపోయినా నా భుజం మీదుగా తెరను చూస్తూ, "ఎక్కిందాండీ?" అని అడిగారు. మూడు గంటలకల్లా ప్రూఫు ఆయన చేతిలో ఉంది. వియ్యంకుడి ఇంటిపేరులో ఒక వత్తు తప్పని దిద్దించారు. అది మాత్రం కంప్యూటరు తప్పు కాదు.

సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు బాబాయితో ఒక మాట అన్నాను. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపి ఉన్నా సరే, ఎస్.ఎం.పీ.ఎస్. నుంచి సన్నగా అయిదు వోల్టులు బోర్డుకు అందుతూనే ఉంటాయి, ఆ కాసేపు బిళ్ళకు విశ్రాంతి. మనం రోజూ రాత్రి గోడ స్విచ్చు ఆపేస్తాము కనుక తెల్లవార్లూ భారమంతా ఆ బిళ్ళ మీదే పడి త్వరగా అరిగిపోతోంది, స్విచ్చు వదిలేస్తే ఎక్కువ కాలం వస్తుందని వివరించాను.

ఆయన అంతా విని, "పిడుగు పడితే నీ బిళ్ళ కాపాడుద్దా?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. దీనికి ముందున్న కంప్యూటరు అలాగే ఒక వేసవి గాలివానలో పోయింది. నలభై రూపాయల బిళ్ళను మూడేళ్ళకొకసారి మార్చడమే చవక అని నేనే దిగివచ్చాను. ఆయన యథాప్రకారం స్విచ్చు ఆపారు.

వచ్చేముందు, పాడైపోయిన శుభలేఖ కార్డు ఒకటి తీసుకుని, పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని అచ్చయి ఉన్న దాని కింద, ఖాళీలో పెన్నుతో పెద్ద అక్షరాలతో రాశాను: సాటా మోడ్, ఐడీఈ. ఏహెచ్‌సీఐ కాదు. ఎఫ్1 నొక్కకముందు నన్ను పిలవండి. రెండో బిళ్ళను దానికి టేపుతో అంటించి, సీపీయూ మూత లోపలివైపు అతికించాను.