ఆకారం ఆఖర్న

ఈ ఆదివారం ఇంట్లోంచి కదల్లేదు. మే నెల ఎండ, దానికి తోడు సముద్రపు ఉక్క. పొద్దున్న ఎనిమిదింటికే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వేట నిషేధం కూడా నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లన్నీ హార్బర్లో వరసగా కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. ఈ రోజుల్లో వంజరం ధర వింటే అమ్మ మాట్లాడకుండా ఎండురొయ్యలు తీసి వంకాయలో వేసేస్తుంది. ఇవాళా అదే కూర, బ్రహ్మాండంగా కుదిరింది.

నిషేధం ఇంజన్ ఉన్న పడవలకే గాని ఒడ్డున గేలం వేసేవాళ్ళకి కాదు. అయినా ఇవాళ నాకు వేట మీద ధ్యాస లేదు. వరండాలో చాప పరిచి, పాత టేబుల్‌కి వైస్ (ముక్కని కదలకుండా పట్టే పనిముట్టు) బిగించి, ఎర చేయడానికి కూర్చున్నాను. బతికున్న ఎర కాదు, చెక్కతో చేసే చేపపిల్ల. మా గేలం వేసే కుర్రాళ్ళంతా లూర్ అంటారు. పండుగప్ప కోసం పదకొండు సెంటీమీటర్ల పొడవుది.

కర్ర ఏటికొప్పాకది. యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మలు అందరికీ తెలుసు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి సహజ రంగుల పనికి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మలు చేసేది అంకుడు కర్రతోనే. తేలిగ్గా ఉంటుంది, మెత్తగా తెగుతుంది, నార లేచి ఉలిని ఎటో లాక్కుపోదు. మామయ్య అటు వెళ్ళినప్పుడు, బొమ్మకి పనికిరాని ముక్కలు నాలుగు అడిగి తెచ్చారు. ఎర చేయడానికి ఇంతకంటే మంచి కర్ర మన చుట్టుపక్కల నాకు కనబడలేదు. తేలాలి, చేప కొరికితే నలగకూడదు, సన్నగా చెక్కితే విరగకూడదు. మూడూ దీనిలో ఉన్నాయి.

మామయ్య ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. చేపల గురించి ఆయనకి పెద్దగా పట్టదు గాని ముక్కని ఎలా పట్టుకోవాలి అన్నదాంట్లో ఆయన మాటే నాకు వేదం. కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏటల్లుడూ, పెన్సిల్‌తో చేప బొమ్మ గీసీసావు. ఇప్పుడేటి, చుట్టూ చెక్కీడమేనా?"

"కాదు మామయ్యా, ముందు గాళ్ళూ బెజ్జాలూ."

"అదీ. ముక్కకి నాలుగు మొహాలు ఉన్నంతసేపే వైస్ దాన్ని పడతాది. గుండ్రంగా అయిపోయాక ఏటి పడతాది? నీ వేళ్ళు పట్టాలి."

ఈ పనిలో జాగ్రత్త అంటే అందరూ గ్లవ్స్, కళ్ళజోడు, మాస్కు అని మొదలెడతారు. కళ్ళజోడు, మాస్కు కావాలి, కాదనను. కానీ అసలు రక్షణ పని వరసలో ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. చేపపిల్ల ఆకారం వచ్చేశాక దానికి బెజ్జం వెయ్యాలంటే ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని డ్రిల్లు ఆనించాల్సిందే. అది జారితే బిట్టు వెళ్ళేది అరచేతిలోకే. అదే బెజ్జం చదరపు దిమ్మగా ఉన్నప్పుడు వేస్తే రెండు చేతులూ ముక్కకి దూరంగా ఉంటాయి. ఎంత నిదానస్తుడైనా వరస తప్పితే చెయ్యి తెగుతుంది. అందుకే ఆకారం ఆఖర్న.

ఆ ప్రకారమే దిమ్మ మీద పైనుంచీ పక్కనుంచీ గీతలు గీసి, మధ్యగీత నాలుగు మొహాలకీ తిప్పాను. ఆ గీత మిల్లీమీటరు పక్కకి పోయినా ఎర నీళ్ళలో ఒక పక్కకి వాలిపోయి ఈదుతుంది, ఆ తర్వాత ఎంత దిద్దినా దారికి రాదు. పొట్ట వెంట తీగ కూర్చోడానికి సన్నరంపంతో గాడి కోశాను. బరువుకి పెట్టే సీసం కోసం పొట్ట కింద రెండు గుంటలు. మూతి కింద, పెదవిలా ముందుకొచ్చే రేకు దూర్చడానికి ఒక గాడి. అన్నీ వైస్‌లోనే. డ్రిల్లు తిరిగేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోకూడదు, బిట్టు బట్ట అంచు పట్టుకుందంటే వేలుతో సహా లాగేసుకుంటుంది. వాచీ, ఉంగరం తీసి పక్కన పెట్టి, మెడలో తువ్వాలు కూడా తీసేశాను. మామయ్య మెషిన్ దగ్గర ఇన్నేళ్ళూ పాటించినది ఇదే.

తీగ ఒక మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ స్టీలుది. ముక్కు దగ్గర ఒక కన్ను, పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మొత్తం ఒకే తీగ. పండుగప్ప కొట్టే దెబ్బకి కర్రలో బిగించిన చిన్న మరకొక్కేలు ఊడొచ్చేస్తాయి. ఒకే తీగ అయితే కర్ర రెండుగా చీలినా చేప మన దారానికే ఉంటుంది. నోస్ ప్లేయర్‌తో వంచేటప్పుడు తీగ కొస టపుక్కున లేచి మొహానికి వస్తుంది, కళ్ళజోడు అక్కడ తప్పనిసరి. కోసేటప్పుడు తెగిపడే ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు కాబట్టి దాని మీద రెండోచేత్తో గుడ్డ కప్పి కోశాను.

పెదవికి పాలీకార్బొనేట్ రేకు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. చూడ్డానికి అక్రిలిక్ కూడా ఇలాగే ఉంటుంది గాని అది పెళుసు. రంపం పట్టుకోగానే పగిలి పెంకులు ఎగురుతాయి, రాయికి తగిలితే ఎర పెదవి విరుగుతుంది. పాలీకార్బొనేట్ వంగుతుంది, పగలదు. దాని మీది ప్లాస్టిక్ పొర తీయకుండానే బొమ్మ గీసుకుని, పెద్ద రేకులోనే ఉంచి క్లాంపు బిగించి, ఆకు రంపంతో చుట్టూ కోసి చివర్న విడదీశాను. ముందే చిన్న చతురస్రంగా కోసేసుకుంటే గోరంత ముక్కని పట్టుకోడానికి వేళ్ళు తప్ప దారుండదు. ఇక్కడా అదే సూత్రం. అంచులు ఆకురాయితో గుండ్రం చేశాను.

ఈ చిన్న పెదవిలోనే ఎర ప్రాణం ఉంది. దారం లాగగానే నీళ్ళు దాన్ని కొట్టి తలని కిందికి నొక్కుతాయి. పెదవి రెండు అంచుల నుంచీ నీళ్ళు ఒకసారి ఇటూ ఒకసారి అటూ సుడి తిరిగి జారతాయి, దాంతో ఒళ్ళు ఊగుతుంది. పొట్టలో సీసం దాన్ని మళ్ళీ నిటారుకి తెస్తుంది. ఆ లాగులాటే గాయపడిన చేపపిల్ల నడక. పెదవి నిటారుగా ఉంటే ఎర పైపైన ఈదుతుంది, ఒంటితో పాటు ముందుకి చాచి ఉంటే లోతుకి దిగుతుంది. నాది భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికి. అక్కడ నీళ్ళు లోతుండవు కాబట్టి నిటారుగానే పెట్టాను.

ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి 1936లో మొదటి ఎర చెక్కినప్పుడు చూసింది కూడా ఈ నడకనే. పెద్ద చేపలు గుంపులో కుంటుతూ ఈదే పిల్లనే ఏరుకుని తింటున్నాయని ఆయన కనిపెట్టాడు. చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో బెరడు చెక్కి, చాక్లెట్ మీది వెండి కాగితం చుట్టి, కరిగించిన ఫోటో నెగిటివ్‌లు పైపూత వేశాడు. పెదజాలరిపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన బిస్కెట్ ప్యాకెట్ లోపలి మెరిసే కాగితాన్ని పీలికలుగా కోసి గేలానికి కట్టి కానాగంతలు పడతాడు. ఆయన ఫిన్లాండ్ పేరైనా వినుండడు. చేపని రోజూ చూసేవాడికి అది దేనికి లొంగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

సీసం దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయిని వరండాలోంచి పంపించేశాను. "నాన్నా, ఒక్కసారి పట్టుకుంటా" అని బతిమాలింది, అయినా ఒప్పుకోలేదు. పిల్లల ఒంట్లోకి ఇంతవరకైతే చేరినా ఫర్వాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెదడు ఎదుగుదలనే దెబ్బ తీస్తుంది. యూట్యూబ్‌లో చాలామంది స్టవ్ మీద సీసం కరిగించి అచ్చుల్లో పోస్తుంటారు. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి తేలికైన పనిలా కనిపిస్తుంది. అచ్చులో చెమ్మ చుక్క ఉన్నా ఒక్కసారిగా ఆవిరై, కరిగిన సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. మన విశాఖ గాలిలో చెమ్మ లేని వస్తువేది? పొగ సంగతి సరేసరి. వంట చేసుకునే చోట, వంట గిన్నెలో ఆ పని చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

నేను కరిగించను. వలలకి కట్టే సీసం గుళ్ళు కొట్లో దొరుకుతాయి. వాటినే కటింగ్ ప్లేయర్‌తో నొక్కి తుంచుతాను. రంపం పెట్టను, ఆకురాయి అసలే పెట్టను. పొడి లేస్తే అది గాల్లోకీ గోళ్ళలోకీ పోతుంది. కింద పరిచిన పేపర్ని లోపలికి మడిచి కట్టేసి, మూత ఉన్న రేకు డబ్బాలో పడేసి, మీద 'సీసం' అని రాసి అటక మీద పెట్టాను. తర్వాత సబ్బుతో చేతులు, గోళ్ళు రుద్ది కడుక్కున్నాకే మంచినీళ్ళ గ్లాసు ముట్టుకున్నాను.

ఎంత సీసం పెట్టాలన్నది నీళ్ళే చెప్పాలి, అదీ చెక్కడం అయ్యాక. వరసలో తర్వాతదే అయినా సీసం మాటలోనే చెప్పేస్తాను. గుంటల్లో సీసం పెట్టి, జిగురు లేకుండా టేపు వేసి, హుక్కులకి బదులు ముళ్ళు కోసేసిన పాత హుక్కులు తగిలించి బకెట్లో వదిలాను. బకెట్లో మంచినీళ్ళు పోస్తే లెక్క తప్పుతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. ఇరవై గ్రాముల ఎర మునిగితే అరగ్రాము తేడా వస్తుంది. దాదాపు మునిగీ మునగనట్టు నిలిచే ఎరకి ఆ అరగ్రామే ఎక్కువ. లీటరుకి ముప్పై అయిదు గ్రాముల ఉప్పు కలిపితే సముద్రం లెక్క సరిపోతుంది. మొగలో, అంటే నది సముద్రంలో కలిసే చోట, నీళ్ళు అంత ఉప్పగా ఉండవు కాబట్టి నేను కొంచెం తగ్గించి కలిపాను. ముందు గుంటలో రెండు గ్రాములు, వెనక ఒకటిన్నర పెడితే తల కాస్త కిందికి వంచి నిలబడింది. మామయ్య బకెట్ మీదికి వంగి, వేలితో పక్కకి తోసి చూశారు. తోసినప్పుడల్లా గిర్రున తిరిగి నిటారుగా లేచింది. "బేలెన్సుంది" అన్నారు. ఆయన నోటి నుంచి అది పెద్ద మెచ్చుకోలే.

సీసం తుంచడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, నాలుగింటికి చెక్కడం మొదలెట్టాను. ఈ పనే నాకు అన్నిటికంటే ఇష్టం. ముందు అంచులు కొట్టి ఎనిమిది పలకలు, ఆ పలకల అంచులు కొట్టి గుండ్రం. తోక వైపు దిమ్మ ఇంకా రెండు అంగుళాలు మిగిలే ఉంది. అదే పిడి. దాన్ని పట్టుకుని కత్తిని ఎప్పుడూ మూతి వైపుకి, అంటే నా వేళ్ళకి దూరంగా పోనిచ్చాను. బొటనవేలికి తోలు తొడుగు. కత్తి నూరి ఉంటే పొరలు ఉల్లిపొట్టంత పల్చగా చుట్టుకుంటూ లేస్తాయి. మొండి కత్తి అయితే బలం పెట్టాలి, బలం పెట్టిన చెయ్యే జారుతుంది. మధ్యమధ్య దిమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకుని రెండు బుగ్గలూ సమానంగా ఉన్నాయా అని చూసుకుంటుంటే గంట ఎలా గడిచిందో తెలీలేదు. చివర్న తోక దగ్గర సన్నరంపంతో పిడి కోసేశాను.

ఉప్పు కాగితం పట్టేటప్పుడు మాస్కు. చెక్కపొడి చూడ్డానికి ఏమీ చెయ్యనట్టుంటుంది గాని, 1995లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కులోకి చేరకుండా ఉండాలంటే మాస్కుతో పాటు గాలి వాటం చూసుకోవాలి. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక నేను దానికి పక్కగా కూర్చున్నాను, పొడి గేటు వైపు పోయింది.

తర్వాత తీగ, సీసం, పెదవి గాళ్ళలో కూర్చోబెట్టి అరాల్డైట్ పెట్టాను. దానికి మాత్రం నైట్రిల్ గ్లవ్స్ వేసుకున్నాను. ఆ జిగురు ఒంటికి పదేపదే తగిలితే ఎప్పటికీ పోని దురద పట్టుకునే వాళ్ళున్నారు. ఫెవిక్విక్ వాడే చోట నూలు గ్లవ్స్, నూలు గుడ్డ దగ్గరుండకూడదు. నూలుకి తగిలితే అది సెగ కక్కుతుంది, చర్మం కాలుతుంది. ఇది చాలామందికి తెలీదు, తెలియాలి. జిగురు కొంచెం కొంచెంగానే కలుపుకున్నాను. ఈ ఎండకి ఎక్కువ కలిపితే మూతలోనే వేడెక్కి గట్టిపడిపోతుంది.

స్పిరిట్‌లో కరిగించిన లక్క పూత రేపు జిగురు ఆరాకే. సాయంత్రం అమ్మ దీపం పెట్టే వేళకి స్పిరిట్ సీసా బయటికి తియ్యను. లక్క ఆరాక పైన రంగు, ఆ పైన గట్టిపడే ఎపాక్సీ పూత. చెమ్మ ఎక్కువున్న రోజు ఎపాక్సీ వేస్తే మీద మసక పొర కడుతుంది కాబట్టి పొడిగాలి ఉన్న పూట చూసి వేస్తాను.

రంగు సంగతి మా అమ్మాయికి వదిలేశాను. సీసం లోపల మూసుకుపోయింది, ఇక తను పట్టుకోవచ్చు. ఒళ్ళంతా కవ్వళ్ళ చేప రంగు ఉండాలని నేను, పొట్ట పసుప్పచ్చగా ఉండాలని తను. గోస్తని మొగలో వానాకాలం నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, ఆ నీళ్ళలో పసుప్పచ్చే దూరానికి కనబడుతుంది. తన మాటే నెగ్గింది.

అసలు హుక్కులు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అవి భీమిలి ఒడ్డున, దారం కట్టడానికి ముందు తగిలిస్తాను. ఈలోగా మిగిలిన అంకుడు ముక్కల్లో ఒకదానికి మామయ్య మధ్యగీత గీసి పెట్టారు. ఈసారి పెదవి వెడల్పు రెండు మిల్లీమీటర్లు తగ్గించి చూడాలి, ఊపు ఎంత మారుతుందో.