జిగురు అట్ట మీద తామర పురుగులు: లెక్క కుదిరేదాకా నా అనుభవం

"ఇందులో ఎన్నున్నాయంటుందిరా నీ ఫోను?" అంటూ మా మామయ్య నీలం రంగు జిగురు అట్ట నా చేతికిచ్చాడు. ఫొటో తీశాను. ఫొటోలో తామర పురుగులను లెక్కపెట్టేలా నేను తయారుచేస్తున్న కంప్యూటర్ ప్రోగ్రామ్ (మోడల్) 61 అంది. భూతద్దం పెట్టి ఇద్దరం కలిసి లెక్కపెడితే 23 తేలాయి. మిగతావి దుమ్ము, జిగురులో బుడగలు, ఎండిన పూరేకు ముక్కలు. మామయ్య ఏమీ అనలేదు. అట్టను మళ్ళీ కర్రకు కట్టేసి పనిలోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2021లో నల్ల తామర పురుగు గుంటూరు వైపు మిరపను ఎలా నాశనం చేసిందో మా ఇంట్లో అందరికీ గుర్తే. పూలలో దూరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది. అట్టకు రోజూ ఎన్ని పడుతున్నాయో తెలిస్తే మందు కొట్టాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా అన్నది తేల్చుకోవచ్చు. నా లెక్క తప్పితే అనవసరంగా ఒక మందు ఖర్చు, లేదంటే పోయిన పూత. అందుకే ఈ పని వదల్లేకపోయాను.

లాప్‌టాప్‌లో పరీక్షించినప్పుడు మాత్రం మోడల్‌కు స్కోరు బ్రహ్మాండంగా వచ్చింది. మరి పొలంలో ఎందుకు బోల్తా పడింది? డేటా ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూస్తే విషయం బయటపడింది. ఒక్కో అట్టకు నాలుగైదు ఫొటోలు తీశాను. అన్నిటినీ కలిపేసి, 80 శాతం ట్రెయినింగ్‌కీ (మోడల్‌కు నేర్పడానికి) 20 శాతం టెస్టింగ్‌కీ (నేర్చింది పరీక్షించడానికి) యాదృచ్ఛికంగా పంచాను. అంటే ఒకే అట్ట, అవే పురుగులు, అదే మరక రెండు వైపులా ఉన్నాయి. ప్రశ్నపత్రం ముందురోజే చేతిలో పెట్టి పరీక్ష రాయించినట్టు. ఈసారి ఫొటోల లెక్కన కాకుండా పొలాల లెక్కన విడదీశాను. ఒక పొలం పూర్తిగా టెస్టింగ్‌కే. మామయ్య పొలం చివరి పరీక్షకని పక్కన పెట్టాను, దాన్లోంచి ఒక్క ఫొటో కూడా ట్రెయినింగ్‌కి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాను. స్కోరు దారుణంగా పడిపోయింది. అయినా మనసు కుదుటపడింది, ఎందుకంటే అది నిజమైన స్కోరు.

తర్వాత పిక్సెళ్ళ సంగతి. ఫోన్ ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్ళు. 20 సెంటీమీటర్ల అట్ట ఫ్రేమ్ నిండా ఉంటే ఒక మిల్లీమీటరుకు 20 పిక్సెళ్ళు. తామర పురుగు పొడవు దాదాపు ఒక మిల్లీమీటరే. నేను వాడిన యోలో మోడల్ (బొమ్మలో వస్తువులను గుర్తించి చుట్టూ పెట్టెలు గీసేది) బొమ్మను 640 పిక్సెళ్ళకు కుదించి చూస్తుంది. అప్పుడు ఆ పురుగుకు మిగిలేది మూడు పిక్సెళ్ళు! ప్రసిద్ధమైన కోకో డేటాసెట్‌లో (ఇలాంటి మోడళ్ళకు నేర్పి పరీక్షించే ఫొటోల సేకరణ) 32×32 పిక్సెళ్ళ కంటే చిన్నవాటినే చిన్న వస్తువులంటారు, మరి మూడంటే ఏముంది? మూడు పిక్సెళ్ళలో పురుగుకూ దుమ్ముకూ తేడా ఏ మోడలూ చెప్పలేదు. కాబట్టి ఫొటోను కుదించకుండా 640 పిక్సెళ్ళ ముక్కలుగా కోశాను, అంచున పడ్డ పురుగు రెండుగా తెగిపోకుండా పక్కపక్క ముక్కలు ఐదో వంతు కలిసేలా. అలా కలిసిన చోట ఒకే పురుగు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మోడల్ ప్రతి పెట్టెకూ అది పురుగే అన్న నమ్మకాన్ని 0 నుంచి 1 లోపు స్కోరుగా ఇస్తుంది. ఒకదానిపై ఒకటి పడ్డ పెట్టెల్లో ఎక్కువ స్కోరున్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తే ఆ ఇబ్బంది తీరింది. అన్నిటికంటే ఎక్కువ లాభం ఇచ్చింది ఈ ఒక్క మార్పే. పెద్ద మోడల్ కోసం అంతకుముందు వారాల తరబడి తిప్పలు పడ్డాను, దానివల్ల వచ్చింది చాలా తక్కువ.

దుమ్ముకు మందు దుమ్మే. ఒక్క పురుగూ లేని అట్టలు, బుడగలున్నవి, పూరేకులు అంటుకున్నవి ఏరి, ఒక్క పెట్టె కూడా గీయకుండా ట్రెయినింగ్‌లో కలిపాను. లేబుళ్ళు, అంటే ట్రెయినింగ్ ఫొటోల్లో పురుగుల చుట్టూ మేం గీసిన పెట్టెలు కూడా సరిచేయాల్సి వచ్చింది. సగం విరిగిన పురుగును నేను గీశాను, నాకు సాయం చేసిన మా చెల్లి వదిలేసింది. తల కనిపిస్తేనే లెక్క అని ఇద్దరం ఒక మాట అనుకుని మొత్తం మళ్ళీ గీశాం.

చివరగా మోడల్ ధీమా. స్కోరు 0.9 ఇచ్చిన పెట్టెల్లో నిజంగా పదికి తొమ్మిది పురుగులే ఉండాలి కదా? చేత్తో చూస్తే అంతకంటే చాలా తక్కువ. ఇలాంటి మోడళ్ళకు ఆధారమైన లోతైన న్యూరల్ నెట్‌వర్కులకు ఈ అతి ధీమా ఉంటుందని 2017లో పరిశోధకుడు ఛువాన్ గువో బృందం చూపించింది. స్కోరుగా మారకముందు వచ్చే విలువను ఒకే ఒక సంఖ్యతో భాగించే పద్ధతిని కూడా వాళ్ళు పరీక్షించారు. నా టెస్టింగ్ పొలం మీద ఆ సంఖ్య సరిచూసుకున్నాను. పెట్టెల వరుస మారలేదు, స్కోరు మాత్రం నమ్మేలా అయింది. ఇప్పుడు అటూ ఇటూ కాని స్కోర్లు ఎక్కువైతే ఫోన్ అంకె చూపించదు, "భూతద్దంతో చూసుకోండి" అంటుంది.

మొన్న మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఫోన్ 17 అంది, భూతద్దంలో 19. ఆ రెండూ ఒక పెద్ద ఈగ రెక్క కింద అతుక్కుని ఉన్నాయి. ఆ ఫొటోను ట్రెయినింగ్‌లో వేసేద్దామని చెయ్యి లాగింది. కానీ అది మామయ్య పొలం. ఈగ రెక్కలున్న అట్టల కోసం ఇప్పుడు ఫిరంగిపురం వైపు పొలాలు తిరుగుతున్నాను.