పెళ్లి ఫొటోలకు రెండో బాడీ: నేను ఎలా తేల్చుకున్నాను

ఖమ్మం చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. చాన్నాళ్లపాటు నా సొంత కెమెరా ఒక్కటే, నికాన్ డి750. రెండోది కావాల్సి వస్తే విజయవాడ నుంచి అద్దెకు తెచ్చేవాణ్ణి. మంచి ముహూర్తం అందరికీ ఒకే రోజు పడుతుంది కదా, మాఘమాసంలో అద్దె బాడీ, అంటే లెన్సు లేని ఉత్త కెమెరా, దొరకడమే గగనం. దొరికితే ఓసారి కానన్, ఓసారి సోనీ. నికాన్‌కి లెన్సు బిగించే దిక్కు ఒకటి, ఆ రెండింటికీ దానికి ఎదురు దిక్కు. వేళ్లకు అలవాటైన పని మండపం దగ్గర మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చేది. అందుకే ఆషాఢంలో పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉన్నప్పుడు, ఇక కొనేద్దామని లెక్కలు వేయడం మొదలుపెట్టాను.

ఎవర్ని అడిగినా ముందు చెప్పేది "ఏది మంచి కెమెరా" అనే. నాకు కావాల్సింది వేరే లెక్క. రెండు బాడీల్లో దేనికి ఏ లెన్సు ఉంటుంది, దాంతో నేను ఎక్కడ నిలబడతాను? జీలకర్రబెల్లం సమయం సంగతి తీసిన ప్రతివాడికీ తెలుసు. అడ్డుతెర పట్టుకుని ఉంటారు, పురోహితుడి కళ్లు గడియారం మీదే. గట్టిమేళం మొదలవగానే బంధువులంతా అక్షింతలతో లేచి మీదికి వస్తారు. వాళ్ల ముందు వీడియోవాళ్లు, లైటు పట్టుకున్న కుర్రాడు, అందరి చేతుల్లో ఫోన్లు. ఆ గుంపులో దగ్గరివాటిని వెడల్పుగా పట్టే 24-70 లెన్సుతో చేతులు, ముఖాలు దగ్గరగా తీయాలి. అదే నిమిషంలో పెళ్లికూతురు అమ్మ కళ్లు తుడుచుకుంటుంది, దానికి దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే 70-200 కావాలి. అక్షింతలు ఎగురుతుండగా లెన్సు విప్పితే కెమెరా లోపలి అద్దం గూట్లోకి బియ్యం గింజ వెళ్లిపోతుంది. రెండు బాడీలు నాకు ప్రధానంగా దీనికోసం. ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుందన్న ధైర్యం ఆ తర్వాతి మాట.

సోనీకి మారిపొమ్మని చాలామంది చెప్పారు. మా వీడియో టీమ్ మొత్తం సోనీయే. కానీ ఉన్న లెన్సులన్నీ అమ్మి మళ్లీ మొదలుపెట్టే స్తోమత నాకు లేదు. దాంతో ఆ దారి వదిలేశాను. మిగిలినవి మూడు, అన్నీ నికాన్‌వే: సెకండ్ హ్యాండ్‌లో ఇంకో డి750, దాని తర్వాత వచ్చిన డి780, లోపల అద్దం లేని (మిర్రర్‌లెస్) జెడ్6 టూ.

అందులో తేలికైనది ఇంకో డి750 కొనడం. అవే బటన్లు, అవే బ్యాటరీలు, అవే ఎస్‌డీ కార్డులు. కోఠిలో ఒకటి చూశాను కూడా. సెకండ్ హ్యాండ్ బాడీ చూసేవాళ్లు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు తీసిందో, అమ్మేవాడి నోటి మాటగా తీసుకోవద్దు. మీ కార్డు పెట్టి ఒక జేపెగ్ తీసి, ఆ ఫైల్లోనే చూసుకోండి. డి750 షట్టర్‌ను కంపెనీ 1,50,000 క్లిక్కుల వరకు పరీక్షించింది. కొన్ని డి750లకు షట్టర్ సమస్య ఉందని 2015లో నికాన్ ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది, అందుకని సీరియల్ నంబరు కూడా చూడాలి. లెన్సు కంతను బాగా చిన్నది చేసి, ఎఫ్16లో తెల్లగోడ ఫొటో తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. నేను చూసిన బాడీ వీటన్నిటిలో నెగ్గింది. అయినా కొనలేదు.

కారణం ఆ గుంపే. అంతమంది మధ్య కంటికి కెమెరా ఆనించి తీసే చోటు ఉండదు. స్టూలెక్కి, చేతులు పైకెత్తి, స్క్రీన్ వంచి చూస్తూ తీయాలి. డి750కి స్క్రీన్ వంగుతుంది గానీ, అలా స్క్రీన్ చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఫోకస్ వెతుక్కుంటూ కూర్చుంటుంది. పైగా ఫ్రేములో ఫోకస్ పట్టగలిగే చోట్లు, అంటే దాని 51 ఫోకస్ పాయింట్లూ, మధ్యలోనే ముడుచుకుని ఉంటాయి. 24-70తో వెడల్పుగా తీసినప్పుడు వధూవరుల ముఖాలు ఫ్రేము అంచుల్లో ఉంటాయి, అక్కడ పాయింటే లేదు. జెడ్6 టూలో 273 పాయింట్లు ఫ్రేములో దాదాపు 90 శాతం పరుచుకుని ఉన్నాయి. స్క్రీన్ మీద కూడా అంతే వేగంగా కన్ను పట్టుకుంటుంది. 70-200తో దూరం నుంచి తీసేటప్పుడు ఈ తేడా నాకు పెద్దగా తెలియదు, డి750 మధ్య పాయింట్లు సరిపోతాయి. అంటే కొత్త బాడీ 24-70కి, పాతది 70-200కి. ఇది తేలాక సగం తలనొప్పి తగ్గింది.

కాగితం మీద చూస్తే నా అవసరాలన్నిటికీ సరిపోయేది డి780. 2020 జనవరిలో వచ్చింది. లైవ్ వ్యూలో జెడ్‌లాగే ఫోకస్ చేస్తుంది, రెండు ఎస్‌డీ కార్డులు పడతాయి, సొంత మోటారు లేని నా పాత 85 ఎం.ఎం. డి లెన్సును ఫోకస్ కోసం తిప్పే మోటారూ ఉంది. జెడ్ బాడీకి పాత నికాన్ లెన్సులు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఆ 85 చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. కానీ డి780 మా వైపు సెకండ్ హ్యాండ్‌లో కనబడలేదు. కొత్తది కొనేంత డబ్బు పెడితే, ఇకపై కొత్త లెన్సులు వచ్చే జెడ్ మౌంటులోనే (లెన్సు బిగించే అమరికలోనే) పెట్టాలనిపించింది.

జెడ్6 టూని ముందు అద్దెకు తెచ్చి, తెలిసినవాళ్ల గృహప్రవేశంలో వాడాను. సైలెంట్ షట్టర్ చూసి ముచ్చటేసింది, వ్రతం జరుగుతుంటే చప్పుడే లేదు. తర్వాత ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్‌కి అదే పెట్టి తీస్తే, ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల నిండా అడ్డచారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మెకానికల్ షట్టర్ పెట్టి ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేస్తే దాన్ని కెమెరా కనిపెట్టి సర్దుకుంటుంది. వేదిక వెనక ఎల్ఈడీ తెర, రంగుల పార్ లైట్లు అంతకంటే చాలా వేగంగా మిణుకుతాయి, వాటికి ఆ సెట్టింగు పనిచేయదు. అక్కడ షట్టర్ స్పీడ్ 1/100కి దించడమే దారి. తలంబ్రాలకు 1/100లో చేతులు కదిలిపోతాయి, దానికి ఫ్లాష్ ఉండాల్సిందే. సైలెంట్ షట్టర్ ఇప్పుడు పగటి వెలుతురులో, వ్రతాలకే.

ఇంకో తంటా బ్యాటరీ. కంపెనీ లెక్కలో డి750 ఒక్క చార్జితో 1,230 ఫొటోలు తీస్తుంది. జెడ్6 టూ, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌తో, 340 దగ్గర ఆగుతుంది. నిజానికి వరసగా తీస్తే ఎక్కువే వస్తాయి. కానీ బెల్టుకు వేలాడదీస్తే చొక్కా తగిలి, కన్ను ఆనిందనుకుని ఐ సెన్సర్ వ్యూఫైండర్‌ను ఊరికే వెలిగిస్తూ ఉంటుంది. నా డి750 బ్యాటరీలు ఇందులోనూ పడతాయి, అదొక ఊరట.

చివరికి ఓ ఫొటోగ్రాఫర్ తమ్ముడు వాడిన జెడ్6 టూ, 24-70 ఎఫ్4 లెన్సుతో కలిపి, బిల్లుతో తీసుకున్నాను. ఖర్చు అక్కడితో అయిపోలేదు. దీని రెండు స్లాట్లలో ఒకదానికే ఎస్‌డీ పడుతుంది. రెండోదానికి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డు, దానికో రీడరు కొనాలి. రెండు కార్డుల్లోనూ రా ఫైళ్లు (సెన్సర్ పట్టినదంతా ఉండే పెద్ద ఫైళ్లు) రాసుకుంటే వేగం నెమ్మది కార్డుకు తగ్గిపోతుంది, కాబట్టి ఎస్‌డీ కూడా మంచిదే పెట్టాలి. ఎఫ్4 లెన్సు వెలుతురును అంతగా లోనికి రానివ్వదు, తెల్లవారుజాము ముహూర్తాల్లో కాస్త ఇరుకే, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచక తప్పడం లేదు.

బయల్దేరే ముందు రెండు కెమెరాల గడియారాలు సెకనుతో సహా కలుపుతాను, లేకపోతే కంప్యూటర్లో తాళి కట్టకముందే తలంబ్రాలు వస్తాయి. రెండూ డీఎస్‌సీ అనే పేరుతోనే ఫైళ్లు రాస్తాయి, మెనూలో ఒకదానికి ఆ మూడక్షరాలు మార్చేశాను. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఒకే పసుపు చీర రెండు రంగుల్లో వస్తుంది. అందుకే మండపం లైటుకు తగ్గట్టు రెండింటికీ ఒకే కెల్విన్ (లైటు రంగును చెప్పే అంకె) పెడతాను. ఆల్బమ్ డిజైన్ చేసే అన్న ఈ మధ్య రంగుల గురించి ఫోన్ చేయడం మానేశాడు.

డి750 షట్టర్ కౌంట్ ఆ లక్షన్నరకు దగ్గరపడుతోంది. అది ఆగిపోయిన రోజున 70-200కి ఎఫ్‌టీజెడ్ పెట్టి ఇంకో జెడ్ కొంటానో, 85 కోసం డి780 వెతుకుతానో ఇంకా తేల్చుకోలేదు.