టోపీ పేలింది, మందు అంటుకోలేదు

సాయుధ పోరాటం కథల్లో బర్మార్ తుపాకీ (మూతి నుంచి మందు, గుండు దట్టించే పాత తుపాకీ) మాట వినకుండా పెరిగిన నల్లగొండ పిల్లలు మన బ్యాచిలో ఉండరు. అది ఎట్ల పేలుతుందో, ఒక్కోసారి ఎందుకు మొరాయిస్తుందో మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు. మన ల్యాబులో నేర్పిన చదువు దానికి సరిపోతుంది. లైసెన్సు ఉన్నవాళ్లు గురి బోర్డు ముందు వాడే తుపాకీ గురించే రాస్తున్నా. వేటకని అమ్రాబాద్ అడవి దిక్కు చూడొద్దు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది.

ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్, అంటే సుత్తి, పడుతుంది. నిపుల్ అనే రంధ్రమున్న చిన్న మొన మీద తొడిగిన టోపీ (దెబ్బకు మండే రసాయనం ఉన్న చిన్న లోహపు మూత) ఆ దెబ్బకు పేలుతుంది. ఆ మంట నిపుల్ రంధ్రం దాటి, వెనకనున్న సన్నటి దారిలో మలుపు తిరిగి, గొట్టం అడుగున దట్టించిన మందును అందుకోవాలి. లోపం ఎక్కడుందో చప్పుడే చెబుతుంది.

మొదటి దెబ్బకు పేలని టోపీ రెండో దెబ్బకు పేలిందంటే, అది నిపుల్ మీద పూర్తిగా దిగలేదు. మొదటి దెబ్బ దాన్ని కిందికి నెట్టడానికే ఖర్చయింది. టోపీ నంబరు 10 కావాలా, 11 కావాలా చూసుకోవాలి. నిపుల్ కొన నలిగి వెడల్పయినా ఇదే తంటా. హ్యామర్‌ను నడిపే స్ప్రింగు లోపల తుపాకీ కర్రకు రాసుకున్నా దెబ్బ బలం తగ్గుతుంది. కర్ర మీద మెరిసే గీత దానికి గుర్తు.

టోపీ టప్పుమని, తుపాకీ ఊరకుంటే అందరూ మందును తిడతారు. నా లెక్కన ఎక్కువసార్లు దోషం నూనెది. దాచేటప్పుడు పూసిన నూనె అడుక్కి జారి ఆ సన్నదారిలో నిలుస్తుంది. అందుకే మందు పోయకముందే పొడిగుడ్డతో అడుగుదాకా తుడిచి, గొట్టం మూతిని ఒక ఎండుటాకు దగ్గర ఉంచి, మందు లేకుండా టోపీ ఒక్కటే పేల్చాలి. ఆకు కదిలితే దారి తెరుచుకున్నట్టు. కదలకపోతే నిపుల్ విప్పి సన్నతీగతో శుభ్రం చేయాలి.

నాలుగు గుండ్లు పేలాక వచ్చే మొరాయింపు వేరు. కాలిన మందు మసిలో పొటాషియం కార్బోనేట్ ఉంటుంది. తేమ పీల్చే లవణాల పాఠం గుర్తుందా? అదే ఇది. వానకాలంలో మసి బురదవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే ఆ బురదంతా అడుక్కి చేరి దారి మూసేస్తుంది. గుడ్డ చెమ్మగా ఉంటే చాలు, నీళ్లు కారకూడదు. ఆ వెంటనే పొడిగుడ్డ. బ్లాక్ పౌడర్ అనే పాత నల్లమందుకు బదులు వాడే పైరోడెక్స్ వంటి మందులు దాని అంత సులువుగా అంటుకోవు కాబట్టి వాటితో ఇంకా జాగ్రత్త.

పేలినప్పుడల్లా హ్యామర్ వెనక్కి ఎగురుతుంటే నిపుల్ రంధ్రం అరిగిపోయిందని అనుమానించాలి. కొత్తదాంట్లో అది సుమారు 0.7 మిల్లీమీటర్లే. మార్చేముందు వెర్నియర్‌ కాలిపర్‌తో నిపుల్ మర కొలవండి: 6 మిల్లీమీటర్లదీ, పావు అంగుళానిదీ చూపుకు ఒకటే, బలవంతంగా తిప్పితే గొట్టం మరలు పోతాయి.

మందు అంటుకోకపోతే మూతిని గురివైపే పెట్టి కనీసం రెండు నిమిషాలు ఆగాలి; ఆలస్యంగా పేలే ప్రమాదముంది. తర్వాత కొత్త టోపీ. అదీ ఫలించకపోతే, గుండు మందుకు ఆనుకునే ఉందని గుండును దట్టించే కడ్డీ మీద ముందే పెట్టుకున్న గీతతో, మూతికి ఎదురుగా నిలబడకుండా, చూసుకోవాలి. టోపీ తీసేసి నిపుల్ విప్పి, లోపల చిటికెడు సన్నమందు వేసి, బిగించి, కొత్త టోపీ పెట్టి పేల్చాలి. దాచేటప్పుడు మాత్రం గొట్టం మూతి కిందికే ఉండాలి.