జేజి ఎక్కని మెట్లు

"నేను ఎక్కను నాన్నా. జేజి కూడా ఎక్కదు కదా!"

పోయిన జూన్‌లో, చీమకుర్తి దగ్గర మా ఊరి మిద్దింట్లో, మెట్ల కింద నిలబడి మా పాప అన్న మాట ఇది. తనకు తొమ్మిదేళ్లు. "ఇంత భయమైతే ఎట్లా? నీ వయసులో నేను బిందె పట్టుకుని ఎక్కేవాణ్ణి" అని కసిరాను. ఆ తర్వాత గానీ రెండో మాట నా చెవికెక్కలేదు.

పాపకు జేజి అంటే మా అమ్మ. అమ్మ పైకి ఎక్కడం ఎప్పుడు మానేసింది? అడిగితే, "పైన నాకేం పని నాయనా" అంది. నాలుగేళ్లయిందట. వేసవి వస్తే మిద్దె మీదే వడియాలు పెట్టే మనిషి. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడుకుంటాం, ఒక్కసారి కూడా నాకు అడగాలని తోచలేదు. పాప నడక నేర్చేటప్పుడు అమెరికాలో మా మెట్లకు కిందా పైనా గేట్లు బిగించింది నేనే. ఇక్కడ దాన్ని పిరికిదని తిట్టిందీ నేనే.

ఆ సాయంత్రమే టేపు తీసి కొలిచాను. కింద నేల నుంచి పై గది నేల దాకా 11 అడుగులు, అంటే 132 అంగుళాలు. పాత టేకు మెట్లు 13. ఒక్కోటి పది అంగుళాలకు పైగా ఎత్తు, కాలు పెట్టే చోటు 7 అంగుళాలే. నా పాదం సగం గాలిలోనే ఉంటుంది. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, కాలు పెట్టే చోటు వెడల్పు కలిపితే 24, 25 అంగుళాలు రావాలి, మనిషి అంగకు సరిపోయే లెక్క అది.

పాతవి తీసేసి కొత్త మెట్లు కట్టిద్దామంటే, మేస్త్రీ 17 చాలన్నాడు. అప్పుడు ఎత్తు ఏడుముప్పావు దాటుతుంది. అమెరికాలో చాలాచోట్ల ఇళ్లు కట్టేటప్పుడు పాటించే నిబంధనల్లో గరిష్ఠమే ఏడుముప్పావు. 18 పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు, మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంది. చివరికి 19కి వచ్చాం. ఎత్తు ఏడు అంగుళాల లోపు, వెడల్పు 11. తిన్నగా కడితే పదహారున్నర అడుగుల చోటు కావాలి, అంత హాలు లేదు. అందుకే పది మెట్లెక్కాక ల్యాండింగ్, అక్కడ వెనక్కి తిరిగి తొమ్మిది.

రాయి దగ్గర మాత్రం నేను మొండికేశాను. మెట్ల మీద మా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే పరవాలి, అదీ అద్దంలా మెరిసే పాలిష్‌తో. అమెరికాలో మా వంటింటి గట్టు ఆ రాయే. పాప దాని మీదే హోంవర్క్ చేస్తుంది, ఆ బంగారు చుక్కలు తన జేజి ఊరివని ఎన్నిసార్లు చెప్పానో. ముక్క ఒకటి తెచ్చి నేల మీద పెడితే, అమ్మ గిన్నెలు కడిగిన తడికాళ్లతో దాని మీద అడుగేసి, గోడ పట్టుకుంది. ఏమీ అనలేదు. మర్నాడే తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్‌కి మార్చాను, అంచుల్లో గాట్లు కూడా కొట్టించాను.

ఇంకోటి మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను. కాంక్రీటు పోసేటప్పుడే పైన వచ్చే రాయి మందం, కింద నేల మందం లెక్క కట్టాలి. లేకపోతే మొదటి మెట్టో చివరి మెట్టో అంగుళం తేడా వస్తుంది. కాలు లెక్క మర్చిపోదు, అక్కడే తడబడుతుంది. కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి గోనెపట్టాలు తడిపే పని పాప తీసుకుంది. రోజూ పొద్దున్నా సాయంత్రం చిన్న బకెట్‌తో.

పిల్లల్ని ఊరికి తీసుకెళ్లేవాళ్లకు నేనొకటి చెబుతాను. వాళ్లు "వద్దు" అన్నప్పుడు కసిరే ముందు ఆ వద్దన్నదాన్ని ఒకసారి కొలిచి చూడండి. ఇది రాస్తుంటేనే అనుమానం వస్తోంది. పాపకు కష్టమనిపించిన ప్రతిదీ నేను మార్చేస్తూ పోతే దానికి ఊరంటే ఏం తెలుస్తుంది? మా తాత నడిచి నడిచి నడిమధ్య గుంటలు పడిన ఆ టేకు పలకలు తీసేస్తుంటే నేను పెరట్లోకి వెళ్లిపోయాను. పక్క చెక్కల్ని మాత్రం ఆచారి గారు చిత్రిక పట్టి చేతిపట్టుగా మలిచారు. అసలు ఆరు వారాల్లో మెట్లు కట్టించడం నాకు తేలికైంది. ఏడో వారం ఉండటమే చేతకాలేదు.

బయల్దేరే ముందు రోజు అమ్మ ఎక్కింది. చేతిపట్టు మీద ఒక చెయ్యి, పాప భుజం మీద ఒక చెయ్యి. ల్యాండింగ్ దగ్గర కాసేపు కూర్చుని, మిగతా తొమ్మిదీ ఎక్కింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం అడుగుతున్నాను, "పైకి వెళ్తున్నావా అమ్మా?" అని. "వెళ్తున్నాలే" అంటుంది. ఫోను మాత్రం ఎప్పుడూ కింద మంచం దగ్గరే ఉంటుంది. పాప నిన్న నా చేతిలోంచి ఫోను లాక్కుని, "జేజీ, వడియాలు చూపించు" అంది.