సిరిమాను ఇక్కడ, రథసప్తమి అక్కడ

"తండ్రి తనకు వీలైనప్పుడు, తల్లికి ముందుగా తెలియజేసి, బిడ్డను చూసుకోవచ్చును."

ఇద్దరూ ఒప్పుకుని వేసే విడాకుల పిటిషన్లలో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. చదవడానికి ఎంతో పెద్దమనసుతో రాసినట్టుంటుంది. నాకు మాత్రం ఆ కాగితాల్లో అన్నిటికన్నా భయం ఇదంటేనే. ఎవరి వీలు? ముందుగా అంటే ఎంత ముందు? మాటలున్న మొగుడూపెళ్ళాలకి ఈ వాక్యంతో పనిలేదు, మాటలు లేనివాళ్ళకి దీనివల్ల సాయం లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నా మళ్ళీ కొత్తగా బేరం మొదలవుతుంది, ఆ బేరం వింటూ పిల్లాడు గుమ్మంలో బూట్లేసుకుని కూర్చుంటాడు. మా ముసాయిదాలోనూ ఇదే ఉంటే పట్టుబట్టి కొట్టేయించాను.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. మా అబ్బాయి ఏడో తరగతి. వాళ్ళ నాన్నది నరసన్నపేట దగ్గర ఊరు, ఉద్యోగం శ్రీకాకుళంలో. మేం ఎందుకు విడిపోయామో ఇక్కడ రాయను, రేపు వాడు పెద్దయ్యాక చదివే చోట పెట్టే సంగతులు కావవి. పిల్లాడి రోజులు ఎలా రాసుకున్నామో మాత్రం చెబుతాను. ఈ మధ్య మా దుకాణంలో ఒకమ్మాయి తన కాగితాలు తెచ్చి చూపిస్తే అందులో అచ్చంగా ఆ వాక్యమే ఉంది. అందుకే ఇదంతా.

ముందే ఒక మాట చెప్పాలి. చెయ్యి చేసుకునే మనిషి దగ్గర్నుంచి బయటపడుతున్నవాళ్ళు నా పద్ధతి పట్టుకోవద్దు. వాళ్ళకి 2005 గృహహింస చట్టం ఉంది. దాని కింద మేజిస్ట్రేటు బిడ్డని తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, తండ్రి వచ్చి చూడటం బిడ్డకి చేటనిపిస్తే దాన్నీ కాదనవచ్చు. మా ఇంట్లో అలాంటిది లేదు. ఆయన నాకు మంచి భర్త కాలేదు. పిల్లాడికి మంచి నాన్నే.

మాకూ అందరిలాగే మొదట ఊళ్ళో తగువు, అంటే పెద్దల పంచాయితీ, పెట్టారు. వాళ్ళ వైపు పెద్దలు, మా వైపు పెద్దలు, మధ్యలో స్టాంపు కాగితం. "రాసీసి సంతకాలెట్టీండి, కోర్టుల సుట్టూ ఏటి తిరుగుతారు?" అన్నారు. మనవైపు ఈ మాట నమ్మి ఆ కాగితం బీరువాలో దాచుకుని, విడాకులైపోయాయనుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళని నేనెరుగుదును. 1955 హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ కావాలి. కులాచారం ప్రకారం తెంచుకోవడాన్ని చట్టం పూర్తిగా కాదనదు గానీ, అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని రుజువు చేసే భారం మన నెత్తిమీద పడుతుంది.

ఆ తగువులోనే ఇంకో మాటా వచ్చింది. "మగగుంటడు. అయిదేళ్ళు దాటీసినాడు. ఆడు తండ్రికే సెందుతాడు." ఎంత ధీమాగా అన్నారంటే, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు లాయరు మేడం దగ్గరికెళితే విడమరిచి చెప్పారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో, అంటే మైనరు పిల్లల సంరక్షణ చట్టంలో, అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. అంతమాత్రాన అయిదు నిండగానే తండ్రికి అప్పగించాలని కాదు. అదే చట్టంలో బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని ఉంది, ఎన్నేళ్ళొచ్చినా చూసేది అదే. తండ్రి సహజ సంరక్షకుడు, తండ్రి "తర్వాత" తల్లి అన్న మాటని కూడా, తండ్రి బతికుండగానే తల్లి సంరక్షకురాలు కావచ్చనే అర్థం వచ్చేలా 1999లో సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో వివరించింది. అన్నీ విన్నాక నాకు భయం తగ్గింది. భయం తగ్గితేనే గదా ఎదుటి మనిషికి న్యాయంగా రాసివ్వగలం!

నేను రాసిచ్చింది చూసి మా మావయ్య మండిపడ్డాడు. "ఏటమ్మా, ఆడికి రోజులు రాసిచ్చీడమేటి? గుంటడు నీ కాడున్నాడు గదా, సాల్దా?"

"చాలదు మావయ్యా," అన్నాను. "నాన్న ఎప్పుడొస్తాడో తెలీకపోతే వాడు రోజూ ఎదురుచూస్తాడు. ఫలానా శుక్రవారం అని తెలిస్తే మిగతా రోజులు ఆడుకుంటాడు."

పరస్పర అంగీకారం విడాకులు హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద వస్తాయి. కనీసం ఏడాది విడిగా ఉండాలి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగాలి, పద్దెనిమిది నెలల్లోపు రెండోసారి వచ్చి అదే మాట చెప్పాలి. తగిన కేసుల్లో ఆ ఆరు నెలల్ని కోర్టు మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేం విడిగా ఉండి చాలాకాలమైంది కాబట్టి మినహాయింపు అడగవచ్చని లాయరు మేడం అన్నారు. మేం అడగలేదు. ఆ గడువునంతా, పిల్లాడి కోసం రాసుకున్న ఏర్పాటు నడుస్తుందో లేదో చూసుకోవడానికి వాడుకున్నాం. విడాకులకు వెళ్ళేవాళ్ళెవరికైనా నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే అనుకోండి. సంతకం ఎండకముందే నడిపి చూడండి.

నడిపి చూస్తే మా లెక్క చాలాచోట్ల తప్పింది. ప్రతి శనివారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రి రావాలని రాశాం. రాత్రి బండి దిగి ఇంటికొచ్చేసరికి వాడు నిద్రకి తూలిపోయేవాడు, సోమవారం బడిలో పరీక్షలు. దాన్ని నెలకి రెండు వారాలు చేశాం. రెండో శనివారం బడి ఉండదు కనక శుక్రవారం సాయంత్రమే వెళతాడు. నాలుగో వారం శనివారం బడి విడిచాక వెళతాడు. ఏ వారమైనా ఆదివారం చీకటిపడేలోగా వచ్చేయాలి.

మొదట్లో మా ఇంటి దగ్గరే అప్పగింత. ఆయన బండి ఆగగానే వీధిలో తలుపులు తెరుచుకునేవి, మా అన్నయ్య అరుగు మీదికొచ్చి నిలబడేవాడు. పిల్లాడు తలొంచుకుని గబగబా ఎక్కేసేవాడు. అది చూడలేక స్టేషన్‌కి మార్చాం. తీసుకెళ్ళేది ఆయన విజయనగరం స్టేషన్‌లో, వెనక్కి తెచ్చుకునేది నేను వెళ్ళి ఆముదాలవలసలో. రైల్వేవాళ్ళు శ్రీకాకుళం రోడ్ అంటారు కాబట్టి ఆ పేరే రాయించాం. ఆయనకి వీలుకాకపోతే వాళ్ళ మామ్మ రావచ్చని కూడా రాయించాం. వాడికి మామ్మంటే ప్రాణం, ఆవిడ సంగతి మాత్రం మొదటి ముసాయిదాలో ఎక్కడా లేదు.

పండగల దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. సంక్రాంతి ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ, భోగి నుంచి కనుమ దాకా కలిపే, మధ్యలో లాక్కోవడం లేదు. రథసప్తమికి అరసవల్లి వాళ్ళ నాన్నతోనే వెళతాడు, అవసరమైతే ఒకరోజు బడి మానొచ్చు. మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ సిరిమాను పండగ నాతో. దసరా సెలవులు ఆయనవే గానీ విజయదశమి తర్వాత వచ్చే మంగళవారమే సిరిమాను, ముందురోజు తొలేళ్ళు. దశమి సోమవారమే పడిందా, వాడు దశమి అక్కడ ముగించుకుని వచ్చేసరికి ఇక్కడ తొలేళ్ళు అయిపోతాయి. అందుకే తేదీ వేయకుండా "తొలేళ్ళ సోమవారం పొద్దున్న పది గంటల్లోగా" అని రాయించాను. టైపు చేసే గుమస్తా తలెత్తి నా వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా కొట్టారు.

రాత్రి ఏడున్నరకి ఫోను, అప్పుడు రెండోవాళ్ళు పక్కన కూర్చోకూడదు. జ్వరమొస్తే అదేరోజు చెప్పాలి. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్ అసలు కాపీలు నా దగ్గర, నకళ్ళు ఆయన దగ్గర. ఇవి పెద్ద సంగతులు కావు.

డబ్బు పెద్ద సంగతి. "నీ డబ్బొద్దు, నువ్వొద్దు" అనేసి బయటకొచ్చే ఆడవాళ్ళు మనవైపు చాలామంది. ఆ రోషం నాకు అర్థమవుతుంది. కానీ బిడ్డ మనువర్తి బిడ్డ హక్కు. తల్లి వదులుకున్నానని సంతకం పెట్టినా బిడ్డ తరఫున తర్వాత అడగొచ్చు. మేం బడి ఫీజు ఆయనే నేరుగా బడికి కట్టేలా, నెల ఖర్చు పిల్లాడి ఖాతాలో పడేలా, ఏటా కొంత పెరిగేలా రాసుకున్నాం. ఒకసారి డబ్బు ఆలస్యమైంది. "ఈ వారం పంపకు, దెబ్బకి దారికొస్తాడు" అన్నాడు అన్నయ్య. నేను పంపాను. డబ్బు రాకపోతే రాబట్టడానికి కోర్టులో దారుంది. నాన్నని చూడ్డం అన్నది వాడిది, బాకీకి నేను తాకట్టు పెట్టుకునే సొమ్ము కాదు.

రెండోసారి హాజరైనప్పుడు జడ్జిగారు వాణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడారు. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. ముందురోజు మా వాళ్ళు "ఇలా చెప్పు, అలా చెప్పు" అని నూరిపోయబోతే గదిలోంచి పంపేశాను. లోపల ఏం చెప్పాడో వాడు నాకు చెప్పలేదు, నేను అడగలేదు, వాళ్ళ నాన్న కూడా అడగలేదట. ఈ ఒక్క విషయంలో ఆయన మీద నాకున్న గౌరవం ఎప్పటికీ పోదు.

లాయరుకి డబ్బుల్లేవని ఎవరూ ఆగిపోవద్దు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఆదాయం ఎంతున్నా, ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. భార్య కేసు వేస్తే తాను ఉంటున్న ఊళ్ళోనే వేసుకోవచ్చు, 2003 సవరణతో వచ్చిన వీలు ఇది. పుట్టింటికొచ్చేసినవాళ్ళు అత్తారి ఊరి కోర్టుకి పరిగెత్తక్కర్లేదు.

మా కాగితం ఇప్పుడు మళ్ళీ మార్చాలి. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి, శనివారాలు బడి అయ్యాక కబడ్డీ ఆడిస్తున్నారు, వాడు అది మానలేనంటున్నాడు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల విషయంలో ఉత్తర్వుల్ని డిక్రీ తర్వాత కూడా మార్పించుకోవచ్చు. నాలుగో వారం తీసేసి, బదులుగా వేసవి సెలవుల్లో మరికొన్ని రోజులు కలుపుదామని ఆయనకి మెసేజ్ పెట్టాను. మామ్మని కూడా అడిగి చెబుతానన్నారు. వేసవి సెలవులు ఇవ్వగానే ముగ్గురం లాయరు మేడం ఆఫీసులో కూర్చుంటాం. ఈసారి మొదట వాడు చెబుతాడు, తర్వాతే మేం రాస్తాం.